గోదావరి గట్టున అగ్నిశిల

రాజమహేంద్రవరమునకు ఉత్తరపు దిక్కున, గోదావరి యెడమగట్టున, కాటేరు అను గ్రామము కలదు. ఆవలిగట్టున కొవ్వూరునకు పడమరగా పంగిడి, గౌరీపట్నము, దుద్దుకూరు అను గ్రామములు కలవు. ఈ గ్రామముల చెంతనున్న రాతిగనులలో ఒక నల్లరాయి దొరకును. అది మిక్కిలి బరువైనది. సుత్తిదెబ్బకు కణకణమని మ్రోగును. దానిని పగులగొట్టి బాటలకు కంకరగా తరలించుట అక్కడివారికి నిత్యకృత్యము. ఆ రాయి పుట్టినచోటు అది కాదనియు, ఒకప్పుడు నిప్పువలె వెలుగుచు, నీటివలె పారుచు, పడమటి దేశమునుండి వేయి కిలోమీటర్లు నడచి వచ్చినదనియు చెప్పినచో వినువారు మొదట నమ్మజాలరు. అయినను నేడు పెక్కుమంది భూశాస్త్రజ్ఞులు అంగీకరించిన విషయమిదియే. ఈ నిర్ణయమునకు వచ్చుటకు మానవునకు చిరకాలము పట్టినది. ఆ వృత్తాంతము తెలియదగినది.

పూర్వుల భావన

నేల క్రిందను, నీటి క్రిందను అగ్ని కలదను భావన పూర్వులకు క్రొత్తది కాదు. మహాభారత ఆదిపర్వమున ఔర్వోపాఖ్యానము కలదు. భృగువంశజుడగు ఔర్వుడు తనవారిని సంహరించిన క్షత్రియులపై అలిగి లోకములనే దహింప సంకల్పించెను. పితృదేవతలు వారింపగా ఆ కోపాగ్నిని సముద్రమున విడిచెను. అదియే గుఱ్ఱపు ముఖముతో జలములను త్రావుచు బడబాగ్నియై నిలిచినదని కథ. 11వ శతాబ్దమున ఆదిపర్వమును తెనిగించిన నన్నయ భట్టారకుడు రాజరాజనరేంద్రుని ఆస్థానకవిగా వసించినది రాజమహేంద్రవరముననే. ఆ నగరమునకు కొలదిదూరములోనే, నిజమైన పాతాళాగ్ని విడిచిపోయిన శిల నేలలో పడియున్న సంగతి ఆ కాలమున ఎవ్వరెరుగుదురు?

రోమకులును ఇట్టి కథలనే చెప్పుకొనిరి. వారి అగ్నిదేవత పేరు వల్కను. ఆ దేవుని కమ్మరికొలిమి ఇటలీకి దక్షిణముననున్న వల్కానో ద్వీపము క్రింద కలదని వారి నమ్మిక. ఐరోపా భాషలలో అగ్నిపర్వతమునకు ఏర్పడిన పేరు ఆ ద్వీపమునుండి వచ్చినదే. క్రీ.శ. 79లో వెసూవియసు పర్వతము పగిలి పాంపేయి, హెర్క్యులేనియము అను పట్టణములను బూడిదతోను, నురుగురాతితోను కప్పివేసినది. అంతకు పూర్వము ఆ కొండ ద్రాక్షతోటలతో పచ్చగానుండి, తన స్వభావమును దాచుకొనియుండెను. అప్పుడు పదునేడేండ్ల బాలుడుగానున్న చిన్న ప్లినీ తాను చూచినదానిని తరువాత చరిత్రకారుడగు టాసిటసునకు రెండు లేఖలలో తెలిపెను. అగ్నిపర్వతముయొక్క ప్రకోపమును కన్నులార చూచినవాడు వివరముగా వ్రాసిన తొలి రచనలుగా వానిని పండితులు నేటికిని ఆదరించుచున్నారు.

నీరా, నిప్పా?

అగ్నిపర్వతము నిప్పు గ్రక్కుట అందరకును కనబడినదే. అయితే అగ్నిపర్వతమే లేనిచోట నల్లరాయి గుట్టలు గుట్టలుగా ఉండుటకు కారణమేమి? 18వ శతాబ్దమున ఐరోపాలో ఈ ప్రశ్నపై గొప్ప వాదము చెలరేగెను. సాక్సనీ దేశమున ఫ్రైబర్గు గనుల పాఠశాలయందు 1775 నుండి బోధించిన వెర్నరు మహాపండితుడు. బసాల్టు అనబడు ఈ నల్లరాయి ఆదిసముద్రమున మడ్డివలె పేరుకొని గట్టిపడినదని అతడు చెప్పెను. దేశదేశములనుండి వచ్చిన శిష్యులు ఆ మాటను వేదవాక్యముగా గ్రహించిరి.

ఇంతకు ముందే 1763లో ఫ్రాన్సు దేశమున ఓవెర్న్యు ప్రాంతమున డెమారే అను ఉద్యోగి సంచరించుచు, కోసి నిలబెట్టినట్లున్న నల్లరాతి స్తంభములను చూచెను. అవి దేనికి చేరినవో తెలిసికొనదలచి, ఆ శిల వెంబడి అడుగు అడుగున నడచిపోయెను. ఆ నడక చల్లారిన అగ్నిబిలముల వద్దకు అతనిని చేర్చెను. ఆ ప్రాంతమునకు పటము గీయించి, నల్లరాయి అగ్నిజన్యమని తెలిపెను. తరువాత ఎవరైన వాదమునకు వచ్చినచో, వెళ్లి చూడుడని మాత్రమే అతడు బదులు చెప్పెడివాడని ప్రతీతి. వెర్నరు శిష్యులలో ముఖ్యుడగు డోబ్విసాన్ అట్లే వెళ్లి చూచి, గురువు మతమును విడిచి సత్యమును ఒప్పుకొనెను. గురువునందలి గౌరవము తగ్గకుండ గురువు పొరపాటును దిద్దుట విద్యావంతునకు తగిన పని.

స్కాట్లండులో జేమ్సు హట్టను భూగర్భమందలి వేడిమియే శిలల నిర్మాణమునకు కారణమని వాదించెను. కరిగినరాయి చల్లారినచో గాజు కావలెను గాని రాయి యెట్లగునని ప్రతిపక్షులు ఆక్షేపించిరి. హట్టను మిత్రుడగు సర్ జేమ్సు హాల్ ఈ రాతిని కొలిమిలో కరిగించి చూచెను. త్వరగా చల్లార్చినప్పుడు గాజు వచ్చెను. మెల్లమెల్లగా చల్లార్చినప్పుడు మరల రాయియే వచ్చెను. 1798లో అతడు ఈ ఫలితమును ఎడింబరో పండిత సభకు నివేదించెను. నీటిపక్షము క్రమముగా క్షీణించెను.

లేతపాకము, ముదురుపాకము

భూమి పైపొర క్రింద, పదుల కిలోమీటర్ల లోతున, రాయి మిక్కిలి వేడిగానుండియు పైబరువుచేత కరుగక గట్టిగానే ఉండును. ఎక్కడనైన ఆ వేడిరాయి పైకి లేచి ఒత్తిడి తగ్గినచో కొంతభాగము కరుగును. కరిగినది తేలికగుటచేత పగుళ్లగుండ పైకి వచ్చును. పైకి వచ్చిన ద్రవమునకు లావా అని పేరు. దాని నడవడి దాని చిక్కదనమును బట్టి యుండును. బెల్లపు పాకము లేతగానున్నచో పళ్లెమంతట పరచుకొనును. ముదిరినచో కుప్పగా నిలిచిపోవును. లావాయు నంతే. చిక్కని లావా వాయువులను బిగబట్టి చివరకు ప్రేలును. బూడిద, రాళ్లు కుప్పపడి ఎత్తైన కొండ ఏర్పడును. పలుచని లావా ప్రేలక పారుచు పొరపై పొరగా పీఠభూమిని కట్టును.

కొండ పుట్టుటను మనుష్యులు చూచిన సందర్భములును కలవు. 1943 ఫిబ్రవరి 20వ తేదీన మెక్సికో దేశమున పరికుటిన్ గ్రామపు మొక్కజొన్నచేనిలో, చేనిని సాగుచేయు రైతు కన్నులయెదుటనే నేల పగిలి పొగ వెడలెను. ఒక్క సంవత్సరములో అక్కడ 300 మీటర్లకు మించిన కొండ లేచెను. 1952లో అది చల్లారెను. సమీపమందలి శాన్ హువాన్ అను ఊరు లావాలో మునిగిపోగా, ఆ యూరి దేవాలయ గోపురము మాత్రము నల్లరాళ్ల నడుమ నేటికిని నిలిచియున్నది.

పలుచని లావా నేలపగుళ్లనుండి వెల్లువయైనప్పుడు ఏమి జరుగునో ఐస్‌లాండు ప్రజలకు తెలిసినంతగా మరియెవ్వరికిని తెలియదు. 1783 జూన్ 8వ తేదీన అక్కడి లాకీ ప్రాంతమున భూమి విచ్చెను. సుమారు 27 కిలోమీటర్ల పొడవున నూటికి పైగా నోళ్లు తెరచుకొనెను. 1784 ఫిబ్రవరి వరకు ఎనిమిది నెలలు లావా పారెను. వెలువడిన లావా ఘనపరిమాణము సుమారు 15 ఘన కిలోమీటర్లు. లావాకంటె దానితో వెలువడిన విషవాయువు ఘోరమైనది. గడ్డి విషమై పశువులలో సగము, గొఱ్ఱెలలో అంతకు మిక్కిలి భాగము చచ్చెను. తరువాత వచ్చిన కరవున ఆ దేశపు జనులలో సుమారు అయిదవవంతు నశించిరి. యోన్ స్టైంగ్రిమ్సన్ అను మతాచార్యుడు ఆ దినముల వృత్తాంతమును వ్రాసి యుంచుటచేతనే నేటి శాస్త్రజ్ఞులకు ఆ వివరములు దక్కినవి. ఒక పల్లె మతాచార్యుని వ్రాతకు ఇంత విలువ యుండునని ఆనాడెవ్వరును తలంచియుండరు.

దక్కను సోపానములు

ఇక మన దేశపు సంగతి. లాకీ లావా 15 ఘన కిలోమీటర్లు మాత్రమే. దక్కను భూమిపై పారిన వెల్లువలలో కొన్ని ఒక్కొక్కటియే వేయి ఘన కిలోమీటర్లకు మించినవని లెక్క. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట ఇట్టి వెల్లువలు ఒకదానిపై నొకటి పరచుకొనెను. వానిలో అధికభాగము సుమారు పది లక్షల సంవత్సరముల కాలములోపలనే వెలువడెను. నేడు మిగిలియున్న భాగమే 5 లక్షల చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్రమున అధికభాగము, గుజరాతు, మధ్యప్రదేశములలో కొంత, కర్ణాటకపు ఉత్తరభాగము, తెలంగాణపు పడమటి అంచులు ఈ నల్లరాతి క్రిందికి వచ్చును. పడమటి కనుమలలో దీని మందము రెండు కిలోమీటర్లకు మించియున్నది. తూర్పునకు పోయినకొలది పలుచనగును.

పొరల అంచులు వానకు, ఎండకు అరిగి కొండలు మెట్లుమెట్లుగా కనబడును. అందుచేతనే దీనికి ట్రాప్ అను పేరు వచ్చెను. స్వీడను భాషలో ఆ మాటకు మూలము మెట్లు అని యర్థము. పైభాగము చదునుగాను, ప్రక్కలు నిలువుగోడలుగాను ఉండు ఈ కొండలే శివాజీ మహారాజునకు రాయగడము వంటి దుర్గములైనవి. అజంతా గుహలు ఈ రాతిలోనే తొలువబడినవి. ఎల్లోరాలోని కైలాసాలయమును 8వ శతాబ్దమున రాష్ట్రకూట కృష్ణరాజు కాలమున శిల్పులు కొండను పైనుండి క్రిందికి చెక్కుచు ఏకశిలగా నిర్మించిరి. ఆ దేవళము నిలిచియున్న రాయి ఒకనాడు మంటలు గ్రక్కిన వెల్లువ. బొంబాయి నగరమందలి గిల్బర్టు గుట్ట 60 మీటర్ల ఎత్తున నల్లరాతి స్తంభములను నిలిపి చూపుచున్నది. చల్లారునప్పుడు శిల కుంచించుకొనుటచేత, ఎండిన చెరువు అడుగున ఒండ్రు పగిలినట్లు పగుళ్లువారి, అట్టి స్తంభము లేర్పడును.

ఇంతటి ద్రవము ఎక్కడిది? ఆ కాలమున భారతభూమి నేడున్నచోట లేదు. భూమధ్యరేఖకు దక్షిణమున నుండి ఉత్తరమునకు కదలుచుండెను. ఆ దారిలో, నేడు రీయూనియన్ ద్వీపము క్రిందనున్న మహోష్ణస్థానముమీదుగా సాగినదనియు, ఆ వేడిమియే దక్కను లావాకు కారణమనియు పలువురు శాస్త్రజ్ఞుల మతము. భూమి ముందునకు సాగగా వెనుక సముద్రగర్భమున నిప్పుజాడ మిగిలెను. లక్షదీవులు, మాల్దీవులు ఆ జాడపై పగడపు పురుగులు కట్టిన ద్వీపములు. రీయూనియన్‌లోని అగ్నిపర్వతము నేటికిని చల్లారలేదు.

కాటేరు సాక్ష్యము

దక్కను నల్లరాతికిని గోదావరి గట్టు నల్లరాతికిని నడుమ వందల కిలోమీటర్ల దూరమున మరియొక శిలయే కనబడును. అందుచే ఈ రాయి స్థానికముగా పుట్టినదేయని కొందరు చిరకాలము భావించిరి. 1835లో ఉత్తర సర్కారులలో పర్యటించిన బెంజా అను వైద్యుడు పంగిడి చెంత నల్లరాతిని, దానితో గూడ గుల్లలను గుర్తించి వ్రాసెను. సర్ వాల్టర్ ఎలియట్ సేకరించిన కాటేరు గుల్లలను హిస్లప్ అను మతబోధకుడు 1860లో వర్ణించెను. 1939లో శ్రీపాదరావు, నారాయణరావు అను పండితులు ఆ పొరలయందలి నాచుజాతుల శిలావశేషములను విపులముగా ప్రకటించిరి.

ఈ గుల్లల మహత్త్వమేమి? ఒక లావా పొర పరచుకొని చల్లారిన పిమ్మట దానిపై నీరు నిలిచెను. మంచినీటి మడుగులలో నాచు, నత్తలు పెరిగెను; దుద్దుకూరు చెంత సముద్రపునీరును ప్రవేశించెను. సున్నము, మట్టి పేరుకొనెను. పిదప మరియొక వెల్లువ వచ్చి దానినంతయు కప్పివేసెను. రెండు అగ్నుల నడుమ ఈ పలుచని పొర, రెండు అట్టల నడుమ పుటవలె భద్రముగా నిలిచెను. ఆనాడు సముద్రతీరము ఎక్కడనుండెనో, జలము ఎట్టిదో, ఏ జీవులుండెనో ఆ పుట చెప్పుచున్నది.

పడమటినుండి వచ్చినదనుటకు రెండు నిదర్శనములు గలవు. మొదటిది ద్రవ్యపరీక్ష. ఈ రాతిలోని ద్రవ్యముల పాళ్లు పడమటి కనుమలలో మహాబలేశ్వరము చెంతనున్న పైపొరల పాళ్లతో సరిపోలినవి. రెండవది అయస్కాంత ముద్ర. లావా చల్లారునప్పుడు అందలి ఇనుపరేణువులు ఆనాటి భూమ్యయస్కాంతపు దిక్కును పట్టి నిలుపుకొనును. భూమి అయస్కాంతము అప్పుడప్పుడు తలక్రిందులగుట కద్దు. గోదావరి గట్టున క్రిందిపొర తిరుగుముద్రను, పైపొర నేటివంటి ముద్రను ధరించియున్నవి. పడమటి కొండల పైపొరలలోను ఇదే వరుస. దస్తావేజుపై ముద్ర సరిపోయినట్లు రెండు దేశముల రాళ్ల ముద్రలు సరిపోయినవి. 2008లో శాస్త్రజ్ఞులు ఈ ఆధారములను సమీకరించి, పాత నదీలోయల వెంబడి వేయి కిలోమీటర్లకు పైగా పారిన ఈ లావాలు లోకమందలి అతిదీర్ఘములగు వెల్లువలలోనివని ప్రతిపాదించిరి. అంతదూరము చల్లారక యెట్లు పారెనను సందేహమునకు సమాధానము ప్రతి యింటిలోను కలదు. కాగినపాలపై మీగడ కట్టినచో లోపలిపాలు చాలసేపు వేడిగానుండును. లావాపైనను అట్లే రాతిమీగడ కట్టును. దాని మాటున ద్రవము వేడి తరుగక సాగిపోవును. నూనెకొరకు కృష్ణాగోదావరీ తీరమున త్రవ్విన లోతైన బావులలో ఈ నల్లరాయి నేలక్రింద తగులుటచేత, అది సముద్రము క్రిందికిని పోయినదని తేలినది.

పైకి రాని ద్రవము

పైకి వచ్చిన లావాయే కాదు, దారిలో నిలిచిపోయిన ద్రవమును భూస్వరూపమును మార్చును. నిలువుపగుళ్లలో గడ్డకట్టినది గోడవలె నుండును. తెలంగాణమున గ్రానైటు గుట్టల నడుమ నల్లబండల వరుసలు తిన్నగా సాగిపోవుట బాటసారులు చూచుచునే యుందురు. అవి దక్కను లావాకంటె ఎంతో ప్రాచీనములగు అట్టి గోడలు. మిక్కిలి లోతున మెల్లగా చల్లారిన ద్రవము పెద్దపెద్ద స్ఫటికములను కట్టును. ప్రకాశము జిల్లా చీమకుర్తి గనులలో దొరకుచు, నల్లని ఆకాశమున చుక్కలవలె మెరయు రాయి అట్టిదే. పైకప్పుగానున్న నేల కోట్ల యేండ్లకు అరిగిపోగా, పాతాళమున పుట్టినది నేడు పగటివెలుగు చూచుచున్నది.

అనంతపురము జిల్లా వజ్రకరూరు కథ ఇంకను చిత్రమైనది. అక్కడ సుమారు 110 కోట్ల సంవత్సరముల క్రిందట 150 కిలోమీటర్లకు మించిన లోతునుండి ఒక ద్రవము గొట్టమువంటి మార్గమున అతివేగముగా పైకెగసెను. వజ్రములను అది పుట్టింపలేదు. లోతున అంతకు ముందే పుట్టియున్న వజ్రములను మోసికొని వచ్చెను. తొలకరి జల్లులు పడగానే ఆ ప్రాంతపు పొలములలో జనులు నేలపై కన్నులు నిలిపి వజ్రములు వెదకుట నేటికిని వాడుక.

నాశనము, నిర్మాణము

దక్కను వెల్లువల కాలముననే రాక్షసిబల్లులు భూమిపై నశించెను. లాకీ వాయువు ఒక్క దేశమును అంతగా పీడించినచో, అంతకు ఎన్నోరెట్లు పెద్దవియగు దక్కను వెల్లువలు లోకమునకేమి చేసియుండునో ఊహింపవచ్చును. అయితే 1980లో ఆల్వరేజ్ తండ్రికొడుకులు, వారి సహచరులు, ఆకసమునుండి పడిన ఒక మహాశిల ఆ వినాశమునకు కారణమని ప్రతిపాదించిరి. మెక్సికో తీరమున ఆ దెబ్బవలన ఏర్పడిన మహాబిలమును గుర్తించుట జరిగెను. ఎక్కువమంది ఆ శిలనే ప్రధానకారణముగా నెంచుచున్నారు. దక్కను అగ్నికి అందు ఎంతభాగము కలదనునది ఇంకను తీరని వాదము. కాటేరు, దుద్దుకూరు గుల్లలపొర రెండు వెల్లువల నడుమ చిక్కియుండుటచేత ఈ వ్యాజ్యమున అదియు నొక సాక్షియైనది. దూరదేశముల పండితులు వచ్చి ఆ పల్లెలగనులలో రాతిముక్కలు ఏరుకొనిపోవుటకు కారణమిదియే.

సంహరించిన అగ్నియే పోషకమైనది. నల్లరాయి ఎండవానలకు చివికి నల్లరేగడి యగును. ఆదిలాబాదు పడమటి భాగమందలి ప్రత్తిచేల నేల అట్టిది. తెలుగుదేశమందలి రేగడి యంతయు దక్కను లావానుండియే వచ్చినదని తలచుట పొరపాటు. పెక్కుచోట్ల ఇతర శిలలనుండియు రేగడి ఏర్పడినది. అయితే గోదావరి నాసికము చెంత త్ర్యంబకమున, కృష్ణ మహాబలేశ్వరమున, నల్లరాతి కొండలలోనే పుట్టినవి. అరేబియా సముద్రమునకు వంద కిలోమీటర్లయినను దూరములేనిచోట పుట్టియు, ఆ వైపు పోక గోదావరి 1465 కిలోమీటర్లు తూర్పునకు నడచుటకు పడమటి అంచున లేచిన ఆ కొండలు, తూర్పునకు వాలిన నేలయే కారణము. ఆ నదులు యుగయుగములుగా నల్లరాతిని అరగదీసి తెచ్చిన ఒండ్రు డెల్టా భూములలో కలిసినది. ధవళేశ్వరము దిగువన వరినాటు వేయువాని అరచేతికంటిన మట్టిలో ఆ పాతాళాగ్ని భస్మము కొంత కలదనుట కవిత్వము కాదు, యథార్థము. ఒకే లావా గోదావరి సీమకు రెండుమారులు వచ్చెను: మొదట నిప్పుగా, పిదప ఒండ్రుగా.

నేడు కాటేరు, దుద్దుకూరు ప్రాంతమున గనులు లోతుగా సాగుచున్నవి. బాటలు కావలసినవే, ఇండ్లు కావలసినవే. కంకర కొట్టువానిని తప్పుపట్టుటకు వీలులేదు. అయినను నల్లరాయితోపాటు గుల్లలపొరయు యంత్రమున పొడియైపోవుచున్నచో, పోయినది మరల వచ్చునది కాదు. లాకీనాటి మతాచార్యుని వ్రాతకు ప్రతి తీయవచ్చును. ఈ పుటకు వేరొక ప్రతి లేదు. ప్రతి గనిలోను ఒక గోడనైన తాకక విడుచుట, దొరకిన గుల్లను సమీపపు పాఠశాలలోనో గ్రంథాలయములోనో పేరు, చోటు, తేదీ వ్రాసి భద్రపరచుట పెద్ద వ్యయముతో కూడిన పనులు కావు. డెమారే చెప్పినట్లు వెళ్లి చూచుటకు ముందుతరమువారికి ఏదైన మిగిలియుండవలెను. ఆరుకోట్ల యేండ్లు అగ్ని కాపాడిన పుటను మనుష్యులు ఒక తరములో పోగొట్టుకొనుట న్యాయము కాదు.